ఒక్క ఉద్యోగానికి ఇద్దరం

బహదూర్‌పురా

ప్రియమైన అక్కకు,

దేవుని కృప మీ గడప విడవకుండా ఉండాలని వేడుకుంటూ నీ చెల్లెలు సుగుణ చేసే వందనాలు. బావ దగ్గు తగ్గిందా? నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మేమిక్కడ క్షేమం. మీ మరిదికి ఉస్మాన్‌గంజ్‌లో మూటలు దించే పని రోజూ దొరుకుతోంది. ఉక్కపోత తప్ప కష్టమేమీ లేదు, బెంగపడకు, వేళకు తింటున్నాను.

సోమవారం నాకు ఇంటర్వ్యూ. వృద్ధాశ్రమంలో మంచాన పడ్డవాళ్లను చూసుకునే పని. తీసుకునేది ఒక్కరినే. నాతోపాటు వెళ్లేది మా పక్కగది రెహానా. ఆ పేరు రాస్తుంటేనే అసూయ పుడుతోందక్కా. పదకొండేళ్లు సువార్త సభల్లో అసూయను గొంతు చించుకుని ఖండించినదాన్ని.

పోయిన వారం ఈ పనికి మాకు శిక్షణ ఇచ్చే మేడం, లేవలేని అవ్వలా పడుకుని, జావ తాగించమంది. నేను గిన్నె పట్టుకుని, అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని, ఆహారం కోసం ప్రార్థన ఎత్తుకున్నాను. ఆత్మ నడిపించినంత సేపు సాగింది. శిష్యుల పాదాలు కడిగిన ఘట్టం దాకా వెళ్లాను. కళ్లు తెరిస్తే మేడం లేచి కూర్చుని ఉంది.

"జావ సల్లారిపాయె. గింతసేపు ఎవలతోని మాట్లాడినవమ్మా?"

"దేవునితోని, మేడం."

"ఆయనకు ఆకలైతలేదు గదా."

అందరూ నవ్వారు. తర్వాత రెహానా వచ్చింది. మేడం తల కింద ఇంకో దిండు పెట్టింది. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. జావ చుక్క మణికట్టు మీద వేసుకుని చూసింది. "దాదీ, జర నోరు తెరువు," అంది. అంతే. గిన్నె ఖాళీ. మూడేళ్లు అత్తను మంచంలో చూసుకుందట.

ఆ తర్వాత నేను ఆమెతో మాట్లాడలేదు. నిన్న తనే వచ్చింది.

"అక్కా, నలుగుర్ల నాకు మాట రాదు. నువ్వు మైకుల మస్తు మాట్లాడుతవ్, జర నేర్పియ్యవా? పేషెంటును పక్కకు తిప్పుడు నీకు నేను చూపిస్త."

"తీసుకునేది ఒక్కల్నే. యాదుందా?"

"ఉంది. అయితే నేర్పియ్యవా ఏంది?"

ఇంట్లో విందు జరుగుతుంటే, తమ్ముడి మీద కుళ్లుతో గుమ్మం బయటే నిలబడిన పెద్దకొడుకు కథ చెప్పి ఎన్ని ఊళ్లను ఏడిపించానో నీకు తెలుసు. నిన్న గుమ్మం బయట ఉన్నది నేనే. అయినా కూర్చోబెట్టి, "ఇంట్ల ఎవలనన్న చూసుకున్నవా?" అని ఇంటర్వ్యూ సార్లలాగా అడిగాను. అత్త సిగ్గుపడుతుందని దుప్పటి కిందనే బట్టలు మార్చేదాన్నని చెప్పింది. తర్వాత అదే ప్రశ్న నన్ను అడిగింది.

"మా అమ్మను చూసుకున్న," అన్నాను.

"స్నానం ఎట్ల చేపిచ్చేదానివి?"

నేను చెప్పింది అబద్ధమక్కా. అమ్మ మంచాన పడ్డ ఏడాదంతా నేను ఊరూరా సేవ గురించి ప్రసంగాలు చేస్తున్నాను. అమ్మను చూసుకున్నది నువ్వు. నా పేరు మోగుతుంటే నీకు కుళ్లని అప్పట్లో అనుకున్నాను కూడా. ఇప్పుడు నీ చేతులను తలుచుకుంటే నాకే అసూయ.

సోమవారం ఆ ప్రశ్న వస్తే, నేను చూసుకోలేదనే చెబుతాను. రెహానాకు గొంతు ఎత్తి మాట్లాడడం నేర్పాను, మనస్ఫూర్తిగా కాదు. పని ఆమెకు వస్తే సంతోషిస్తానని నీకు అబద్ధం రాయలేను.

బావకు, పెద్దమ్మకు వందనాలు చెప్పు. నీ దీవెన నా మీద ఉంచు. ఒక్క కోరిక. అమ్మకు స్నానం ఎలా చేయించేదానివో రాయి. నీళ్లు ఎంత వేడిగా పెట్టేదానివి, ముందు ఎక్కడ మొదలుపెట్టేదానివి, అమ్మ సిగ్గుపడితే ఏమనేదానివి. సోమవారంలోగా అందకపోయినా సరే, రాయి.

నీ చెల్లెలు,
సుగుణ