సాక్ష్యంగా పట్టుకున్న నాచు విడుదల గురించి

విశాఖపట్నం,
14-12-2009.

రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు, చినజాలారిపాలెం కాపురస్తురాలు మైలపల్లి పాపాయమ్మ వ్రాయించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పోలీసు స్టేషను తొట్టిలో ఉన్న మా సముద్రపు నాచును, అది బతికి ఉండగానే ఇప్పించుట గురించి.

1. మేము అయిదుగురు ఆడవాళ్లము సంఘముగా చేరి, వెదురు తెప్పలకు తాళ్లు కట్టి సముద్రములో నాచు పెంచుకొనుచున్నాము. నలభై అయిదు రోజులకొకసారి కోసి, ఎండబెట్టి కంపెనీకి ఇచ్చి, కొంత పచ్చిది మరుసటి పంటకు విత్తనముగా ఉంచుకొందుము. నా భర్త ఎల్లాజీ నడుము దెబ్బతిని వేటకు పోలేడు. ఈ పంట రాక మునుపు నేను పూర్ణా మార్కెట్టులో ఇతరుల చేపల గంపలు మోసితిని.

2. గత బుధవారపు గాలికి మా నాలుగు తెప్పలలో మూడు ముక్కలైపోయినవి. నాలుగవది, అనగా నేను కట్టినది, తాడు తెంపుకొని, ఎవరి అనుమతి లేకుండా ఓడలు వచ్చే దారిలోనికి వెళ్లినది. దాని నీలి డ్రమ్ములను బాంబులనుకొని పోలీసు వారు పట్టుకొనిరి. కుక్కను రప్పించిరి. కుక్క వాసన చూచి, తుమ్మి, జీపెక్కినది. అయినను పంచనామాలో "గుర్తు తెలియని ఎర్రటి పదార్థము, నలభై కిలోలు" అని వ్రాసిరి.

3. అది నాదని రుజువు అడిగిరి. మాలో ఎవరి నాచును వారు తమ పాత చీర పీలికలతో తాడుకు ముడివేయుట అలవాటు. నావి పచ్చగళ్ల పీలికలు. కొంగు చింపగా మిగిలిన ఆ చీరే కట్టుకొని వెళ్లి చూపితిని. హెడ్డు కానిస్టేబులు గంగాధరరావు గారు చాలాసేపు చూచి, చీరను కూడా సీజు చేయవలెనా అని ఎస్సై గారిని అడిగిరి.

4. ఉప్పునీరు లేనిదే ఈ నాచు బతకదు. కావున రోజుకు మూడు పర్యాయములు సముద్రపు నీరు బిందెతో మోసుకెళ్లి తొట్టిలో పోయుచున్నాను. మొదటిరోజు హెడ్డు గారు "సీజు సేసిన సరుకమ్మా, నీల్లు పొయ్యడానికి రూలు నేదు" అనిరి. "సచ్చిపోయిన సాచ్చెం కోర్టుకేటి సెప్తాది బాబూ" అంటిని. ఆయన లోపలికి వెళ్లి ఫైలు చూచుకొనుచు కూర్చొనిరి. దానిని అనుమతిగా భావించితిని.

5. నిన్న నేను వచ్చుట ఆలస్యమైనందున హెడ్డు గారే జాలిపడి తొట్టి నిండా కుళాయి నీరు పట్టిరి. సాయంత్రమునకు సగానికి పైగా నాచు తెల్లబడి కుళ్లినది. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన కూడా టిఫిన్ డబ్బా తెరవలేదు.

6. కేసు తేలువరకు ఆగమనుచున్నారు. నాచు అన్నాళ్లు ఆగదు. ఇది పోయినచో మా అయిదుగురికీ విత్తనము లేదు, నాకు మళ్లీ గంపే. డ్రమ్ములు, వెదుళ్లు కోర్టు వారే ఉంచుకొందురు గాక. నాచు మాత్రము ఇప్పించవలెను.

పై సంగతులు చిత్తగించవలెను. వీలైనచో ఈ పూటే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మైలపల్లి పాపాయమ్మ
(వేలిముద్ర)

వ్రాసినది: అచ్యుతరామయ్య, అర్జీ రైటరు.

తా.క.: వేలిముద్ర పడిన తరువాత ఆమె చెప్పినది చెప్పినట్టు వ్రాయుచున్నాను. వద్దంటే వినలేదు.

"బాబూ, అబద్దం ఎందుకు. నిన్న బతికున్న నాచు ఓ గుప్పెడు కాలీ బిందెలో ఏసుకుని తెచ్చీసినాను. హెడ్డు గారు సూసి గోడేపు తిరిగిపోనారు, ఆయన్నేటీ అనకండి. సముద్రంలో కట్టీసినాను. గుప్పెడు అయిదుగురికి సాలదు, అందుకే ఈ అర్జీ. దొంగసొత్తు ఎతకడం మీకు కష్టం అవదు, పచ్చగళ్ల పీలికలుంటాయి. నన్ను పట్టుకెల్లడానికొస్తే నాను వత్తాను. నలబై అయిదు రోజులాగి రండి."