లాంజ్ వారికి ఎదురు విందు

పుకారా ఆల్తో, ఏప్రిల్ 20

దొన్ ఫబ్రీసియో ఎందారా గారికి, కొండమీది నుంచి తార్హేలియా చికైసా దండాలు.

మీరు కులాసానా? తలుపు దగ్గర కార్డు గీసే అమ్మాయికి దగ్గు తగ్గిందా? కాఫీ పోసే ఆయన చేతి బెణుకు ఎలా ఉంది? పళ్ళేలు తీసే బ్లాంకమ్మ మోకాళ్ళకు నేను చెప్పిన ఆకు కట్టిందా? మీ ఇంటి యజమాని గారు ఎలా ఉన్నారు? నేనున్నంతసేపూ ఆయన బయటికి రాలేదు. మంచాన పడ్డారేమోనని అప్పటినుంచీ నాకు బెంగ.

నేనెవరో గుర్తొచ్చిందా? మంచు కమ్మి గుయాకిల్ విమానం నాలుగు గంటలు ఆలస్యమైన రోజున, ఎర్ర శాలువా కప్పుకుని, నెత్తిన టోపీ తీయకుండా మీ విమానాశ్రయం లాంజ్‌లో మూల కుర్చీలో కూర్చున్న ముసలిదాన్ని. నా మనవరాలు నార్సిసా కార్డు మీద వచ్చాను. ఆ కార్డు నల్లగా, పలచగా ఉంటుంది, చూస్తే దాంట్లో ఏమీ ఉన్నట్టుండదు. తలుపు మాత్రం తెరుచుకుంది. మా వంశంలో పెద్ద తలుపు దగ్గర "దయచేయండమ్మా" అనిపించుకున్నది నేనే మొదటిదాన్ని.

మీరు నాలుగు గంటలూ పెడుతూనే ఉన్నారు. నేను ముద్ద మింగేలోగా పళ్ళెం తీసేసేవారు. మా ఊళ్ళో పళ్ళెం తీశారంటే ఇక లేవమని. లేచాను. "కూర్చో అవ్వా, ఇంకోటి తెచ్చుకో" అంది బ్లాంకమ్మ. తెచ్చుకున్నాను. అలా ఆరుసార్లు.

తిన్న ఇంటికి తిరిగి పెట్టనివాళ్ళను మా ఊరు మనుషుల్లో కలపదు. ఈ ఏడు జూన్ నాలుగున మా చర్చి కార్పస్ పండుగకు, ఊరందరికీ విందు పెట్టే పండుగ పెద్దను నేనే. మా ఆయన ఆ గౌరవం కోసం ముప్పై ఏళ్ళు ఎదురుచూసి, చూస్తూనే పోయారు. ఆయన పేరు నిలబెట్టాలి. మీరంతా రావాలి. ఎంతమంది వస్తారో రాయండి, దాన్నిబట్టి వండుతాను.

మీ మేలు కోరే,
తార్హేలియా

తా.క.: రుమాలులో నాలుగు రొట్టెలు చుట్టుకున్నాను. "అవ్వా, పరువు తీయకు" అంది నార్సిసా. విందు నుంచి ఇంటికి వాటా పట్టుకెళ్ళకపోతే వంట బాగోలేదని అర్థం. మీ పరువు కోసమే పట్టుకొచ్చాను.

*

కీటో, ఏప్రిల్ 29

గౌరవనీయులైన అతిథికి,

మీ ఉత్తరం అందింది. 40713.

సిబ్బంది దగ్గు, పళ్ళేలు ముందుగా తొలగించడం, యాజమాన్యం అందుబాటులో లేకపోవడం గురించి మీరు తెలిపిన అసంతృప్తికి చింతిస్తున్నాం. విచారణ జరుపుతాం. మా గౌరవానికి గుర్తుగా కానుక పెట్టె వేరుగా పంపుతున్నాం. రొట్టెల విషయం ఈసారికి పట్టించుకోవడం లేదు.

ఇట్లు,
ఫ. ఎందారా, అతిథి సంబంధాల విభాగం

గమనిక: ఈ ఉత్తరం యంత్రం రాసింది. సంతకం మనిషిది.

*

పుకారా ఆల్తో, మే 6

నాయనా ఫబ్రీసియో,

అందరూ క్షేమమే కదా? విచారణ అన్నారు, అప్పటినుంచీ నాకు నిద్ర లేదు. నేను ఎవరిమీదా చాడీ చెప్పలేదు. దగ్గు ఎవరికైనా వస్తుంది. ఆ అమ్మాయి ఉద్యోగానికి ఏమైనా అయితే ఆ పాపం నాది.

మీ పెట్టె వచ్చింది. నీలం రిబ్బను చూడ్డానికి వీధి వీధంతా బయటికొచ్చింది. ఎదురింటి లుస్మిలా నడుం మీద చేతులు పెట్టుకుని "ఎవరు పంపారేంటి, చికైసా వాళ్ళకి హోచా?" అంది. "కీటో నుంచి, మావాళ్ళు" అన్నాను. ఆమెకు ఆ పూట అన్నం సయించలేదట.

మీకు తెలియంది కాదు. పండుగ పెద్దకు ముందుగా ఇలా కానుక, అదే హోచా, పంపారంటే వస్తామని మాట ఇచ్చినట్టే. పుచ్చుకున్నవాళ్ళు అవతలివాళ్ళ పండుగకు రెండింతలు పంపాలి. మీ లాంజ్ పండుగ ఎప్పుడో రాయండి, పందిని ఇప్పటినుంచే మేపుతాను.

ఒక్కటే బాధ. ఎంతమంది వస్తారని అడిగితే నలభై వేల ఏడువందల పదమూడు అని రాశారు. ఆ పదమూడుమంది పరవాలేదు. మిగతావాళ్ళను కొంచెం తగ్గించడానికి వీలవుతుందా?

మీ అవ్వలాంటిది,
తార్హేలియా

తా.క.: మా వంటింట్లో కూరకని పెంచుకునే కుయ్‌లు, అదే గినీ పందులు, యాభై రెండు. అందరికీ పంచితే తలకొక మీసం కూడా రాదు.

*

కీటో, మే 13

గౌరవనీయులైన అతిథికి,

మీ విజ్ఞప్తి పరిశీలించాం. నిబంధనల ప్రకారం 40713ను తగ్గించడం కుదరదు. మీ అసంతృప్తి తీవ్రతను బట్టి దీన్ని పై అధికారులకు పంపాం. వారు కూడా ఇందులో పాల్గొంటారు.

ఇట్లు,
ఫ. ఎందారా

గమనిక: పందిని స్వీకరించడానికి మా వద్ద తగిన ఫారం లేదు.

*

పుకారా ఆల్తో, మే 19

నాయనా ఫబ్రీసియో,

సరే, అందరినీ రానివ్వు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మంచం దిగలేదు. ఆదివారం పూజ అయ్యాక లేచి నిలబడి ఊరందరికీ చెప్పేశాను. "నలభై వేలమందా? నీ గిన్నెలో ఈగ కూడా మునగదు, ఎవరికి పెడతావే?" అంది లుస్మిలా. "అందుకేగా నీ గిన్నె కూడా అడుగుతున్నాను" అన్నాను. ముందుగా లేచింది ఆవిడే. వాళ్ళింటి పెద్ద డేగిసా ఇస్తానంది.

ఇక చూడు. పైవీధి బంగాళాదుంపలు, కిందివీధి మొక్కజొన్న గుగ్గిళ్ళు. పెద్ద ఫాదరు బడి తాళాలు ఇచ్చారు. మొక్కజొన్న కల్లు నీళ్ళ ట్యాంకులో పులియబెడదామని మాట నడుస్తోంది. మా ఊళ్ళో బస్సు కూడా కేకేస్తేనే ఆగుతుంది నాయనా. అలాంటి ఊరికి రాజధాని కదిలొస్తుంటే కాదనడానికి మేమెవరం? ఆ రోజు గడప దగ్గర నేనే నిలబడతాను. ఎవరినీ కార్డు అడగను.

తార్హేలియా, పండుగ పెద్ద

తా.క.: మంచానికి ముగ్గురు పడుకోవాలి. పై అధికారులైతే ఇద్దరు.

*

కీటో, మే 25

తార్హేలియా అవ్వకు,

ఈ ఉత్తరం నా చేత్తో రాస్తున్నాను, అక్షరాలు బాగోకపోతే క్షమించండి.

మీ ఉత్తరాలను యంత్రం చదివి జవాబు రాసింది, నేను సంతకం పెట్టాను. అవి వంటగదిలో పైకి చదివింది బ్లాంకమ్మ. చదివి, నా బల్ల దగ్గరికొచ్చి, "ఒరేయ్ చదువుకున్నోడా, ఇది ఫిర్యాదు కాదు, పిలుపు" అంది. ఎవరి ఉద్యోగానికీ ఏమీ కాలేదు. దగ్గే అమ్మాయి బాగుంది, మీరు తన సంగతి అడిగారని ఇంట్లో కూడా చెప్పుకుందట.

40713 మనుషుల లెక్క కాదవ్వా. వచ్చిన ఉత్తరాలకు మేం వేసే వరుస. అంటే మీకన్నా ముందు నలభై వేలమంది రాశారు. అందరూ ఏదో బాగోలేదనే రాశారు. మీరు మాకు పెట్టారు, మేం మీకు పెడతాం రండి అని రాసింది మీరొక్కరే. ఇంటి యజమాని ఎలా ఉన్నారని అడిగారు. ఆయనెవరో మాకూ తెలియదు.

మీ ఫైలు మూసేయాలంటే తృప్తి పడ్డానని మీరు సంతకం పెట్టాలి. మేం వచ్చి తింటే తప్ప మీకు తృప్తి కలగదని పై అధికారులకు రాశాను. వాళ్ళు చదవకుండానే సంతకం చేశారు. కాబట్టి మేం వస్తున్నది డ్యూటీ మీద.

అవ్వా, మేం పందొమ్మిదిమందిమే. ఊళ్ళో మీ మాట పోతుందని నేను దిగులుపడుతుంటే బ్లాంకమ్మ నవ్వింది. "యూనిఫారాలు వేసుకుని బ్యాండు వెనకాల చౌరస్తా చుట్టూ తిరుగుదాం, లెక్కపెట్టేవాళ్ళు అలసిపోయేదాకా" అంది.

మీ మనవడిలాంటి,
ఫబ్రీసియో

తా.క.: మేం పొద్దున్నుంచీ ఏమీ తినకుండా వస్తాం. జూన్ నాలుగు, గురువారం, పదిగంటల బస్సుకి. కేకేసి ఆపిస్తాం.