రాజన్న చేతికి వెళ్లిన మిషన్

శుక్రవారం, దుబాయి

మా సేఠు తుపాకీ పోటీలకు వెళ్తాడు. తూటాలు ఇంట్లోనే నింపిస్తాడు. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు ఆగిపోయి నేనిక్కడికి వచ్చినప్పుడు, పోగులు అతికిన చేయి కదా అని తుపాకీ మందు తూచే పని నాకిచ్చాడు. ఆరేళ్లు తూచాను. ఇవాళ కొత్త మిషన్ తెచ్చాడు. అంకె నొక్కితే మందు దానంతటదే పడి, తూకం కాగానే ఆగుతుంది. ఇంగ్లీషు వచ్చని దాన్ని డ్రైవర్ రాజన్నకు అప్పగించాడు.

"అన్నా, గీ పని గింత అల్కగుంటదని తెల్వకపాయె," అని మల్యాల ఊరి నుంచి వచ్చిన ఆ రాజన్న నవ్వితే నా కడుపు మండింది.

మొదటి తూటా దగ్గరే చూశాను. ఏసీ గాలి తగిలి మిషన్ అంకెలు వణుకుతున్నాయి, మందు ఎక్కువ పడుతోంది. ఎక్కువైతే తుపాకీ చేతిలోనే పేలిపోవచ్చు. అయినా నోరు మెదపలేదు. తప్పు బయటపడితే సేఠు మళ్లీ నన్నే పిలుస్తాడనుకున్నాను. ఐదు తూటాలు నిండాయి. ఆరోదానికి ఆగలేకపోయాను.

"ఆపు తమ్మీ! గాలికి తూకం తప్పుతున్నది."

రాజన్న ముఖం పాలిపోయింది. ఏసీ ఆపి, ఇద్దరం కూర్చుని ఆ ఐదింటినీ విప్పాం.

"నువ్వు జూడకపోతే ఏమైతుండెనే అన్నా! సేఠును బతికిచ్చినవ్," అంటూ నా చేతులు పట్టుకున్నాడు.

మిషన్ ఇంకా రాజన్న దగ్గరే ఉంది. దాన్ని చూస్తే ఇప్పటికీ మంటగానే ఉంది. కానీ మొదటిదాని దగ్గరే చూశానని అతనికి ఎలా చెప్పను...