నా వాటా ముక్క

నరిన్ ఆసుపత్రి

అమ్మా జిపారా, నేను కులాసా, ఏడుపు ఆపు. విరిగిన తుంటి అతుకుతుందట గానీ, ఒంట్లో మాంసకృత్తులు చాలకపోతే మళ్ళీ నడవడం కష్టమట. నెత్తురు పరీక్షలో నాకవి బాగా తగ్గాయని తేలింది.

"ఏం పెద్దమ్మా, కోడలు మాంసం పెట్టదా?" అనేశాడు డాక్టరు. కాదంటే నమ్మడే! సిగ్గుతో చచ్చాను. ప్రతి విందులో పెద్దదాన్నని నువ్వు వడ్డించిన గొర్రె తుంటి ముక్కను, దీవెన పేరుతో పిల్లల నోట్లో పెట్టింది నేనే కదా. నీకు మాట తెచ్చాను తల్లీ.

ఎండు పెరుగుండలు పంపు. ఆవు ఈనిందా? పిల్లలకు ముద్దులు. వసంతంలో నూరూజ్ పండక్కి ఇంటికొచ్చి నా ముక్క నేనే తింటాను. రాలేకపోతే మాత్రం, ఎప్పటిలా వాళ్ళకే పెట్టు.

నీ అత్త,
సైరాకాన్