ఎండలో వచ్చిన నీళ్లు

అమీర్‌పేట,
మంగళవారం.

అక్కయ్యకు,

నీ చెల్లెలు రమణమ్మ నమస్కారాలు. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలంతా కులాసాయేనా? నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు. కంప్యూటర్ కోర్సులకొచ్చిన అరవై మంది ఆడపిల్లలకు హాస్టల్లో వండుతున్నాను. ఎవరైనా వస్తుంటే కాస్త మాగాయ పంపించు.

పోయిన గురువారం ఇక్కడ జరిగిన సంగతి నీకు చెప్పాలి. మా వంటిల్లు సెల్లార్‌లో. పక్క గదిలో తొమ్మిది మంది పిల్లలుంటారు. ఆ మధ్యాహ్నం బియ్యం చెరుగుతుంటే చీమలు కనిపించాయి. తెల్లటి గుడ్లు నోట కరుచుకుని గోడ వెంట బారులుగా పైకి పోతున్నాయి. బయటికొచ్చి చూస్తే ఎండ మండిపోతోంది, సూర్యుడి చుట్టూ మాత్రం వరదగుడి కట్టింది. సందులో తూనీగలు మోకాలెత్తున తిరుగుతున్నాయి. ఒక్క కాకీ అరవడం లేదు.

హాస్టల్ యజమాని మల్లేశ్ గారికి చెబితే నవ్వారు. "గింత ఎండల వానేందక్కా? ఫికర్ చేయకు."

నా మనసు ఊరుకోలేదు. నిద్రపోతున్న పిల్లల్ని లేపి పైకి పొమ్మన్నాను. విసుక్కుంటూనే వెళ్లారు. పైన లెక్కపెడితే ఎనిమిది మందే. జ్వరంతో ఉన్న పద్మ రాలేదు.

నేను దిగేసరికి కింద నీళ్లు. చినుకు లేదు, ఉరుము లేదు, చప్పుడే లేదు. ఎగువన ఎక్కడో కుండపోత కురిసి, నాలా పొంగి మా మోరీలోంచి ఎదురుతన్నిందట. పద్మ మంచం మీద కూర్చుని, కాళ్లు ఆ నల్లనీళ్లలో ఆడిస్తూ, "పిన్నీ, గోదారి వచ్చింది" అని నవ్వుతోంది. రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. పై మెట్టు మీద నుంచి తిరిగి చూస్తే తలుపు సగం మునిగిపోయింది. వీధిలో ఎండ అలాగే కాస్తోంది.

పద్మకు నయమైంది. కానీ ఆ రోజు నుంచి పిల్లలు నా చెయ్యి తగలకుండా కంచం అందుకుంటున్నారు. "నీకెట్ల ఎరుకైందక్కా?" అని మల్లేశ్ గారు ఒక్కసారే అడిగారు, నా ముఖం చూడకుండా.

నిన్న ఈ సంగతి ఎవరి నోటో విని పంజగుట్ట నుంచి ఒకావిడ వచ్చి, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న చంటిబిడ్డను నా కాళ్ల దగ్గర పడుకోబెట్టింది. "అమ్మా, నా బిడ్డ బతుకుతదా? జర చెప్పు."

"నాకు చీమల సంగతే తెలుసమ్మా. ఆసుపత్రికి తీసుకెళ్లు," అన్నాను. కదల్లేదు. నా నోటి వంకే చూస్తూ కూర్చుంది. చూడలేక, "బతుకుతుంది, ముందు ఆసుపత్రికి వెళ్లు" అన్నాను.

మొదటి మాటే విన్నట్టుంది. దండం పెట్టి, నేను చూపించిన ఆసుపత్రి వైపైనా తిరగకుండా ఇంటికి బస్సెక్కింది. పేరైనా అడగలేదక్కా నేను.

బావగారికి, పెద్దమ్మకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. ఆ బిడ్డ పేరున ఒక దీపం పెట్టు.

నీ దీవెన కోరే చెల్లెలు,
రమణమ్మ