మొండిదెవరో ముందు తేల్చండి

కార్పెట్ల కంపెనీ పెద్దసారుకి,

నమస్కారం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా చిన్నకోడలు రాస్తోంది. రాత ఆమెది, కోపం నాది.

మా అబ్బాయి మీ కార్పెట్టు కొని ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచాడు. ఏది ఒలికినా మరక అంటదని దాని మీద చీటీ అంటించారు. నిజమే, అంటలేదు. నా చేతిలో కాఫీ ఒలికితే ముత్యాల్లా నిలబడి నా మొహంలోకి చూసింది. గుడ్డన్నాక తడవకుండా ఎలా ఉంటుంది, ఏ మందు పూశారో అని అప్పుడే అనుమానమొచ్చింది.

ఇప్పుడు నా మనవరాలు పాకుతోంది. ఇల్లంతా వదిలేసి ఆ కార్పెట్టు అంచే చప్పరిస్తోంది. టీకా వేయడానికొచ్చిన నర్సమ్మ చూసి, "అమ్మా, మరకలంటకుండా పూసే మందుల్లో కొన్ని మంచివి కావంటున్నారు. ఒంట్లోకి పోతే ఒక పట్టాన బయటికి రావట. కంపెనీనే అడగండి" అంది. అడుగుతున్నాను. అలాంటి మందు మా కార్పెట్టులో ఉందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి.

ఇట్లు,
వేలిముద్ర

తా.క.: నేను కోడలిని. అత్తయ్య చెప్పినవాటిలో కొన్ని మాటలు రాయలేదు. రాస్తే పోస్టువాళ్ళు ఉత్తరం తీసుకోరు.

---

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

మీ ఉత్తరం చేరినందుకు ఎంతో సంతోషిస్తున్నాం. మా తివాచీ పట్ల మీ కుటుంబంలోని అన్ని వయసులవారూ చూపుతున్న ఆసక్తి అభినందనీయం. ఉందా, లేదా అన్నదానికి ఒక్క ముక్కలో జవాబివ్వడం శాస్త్రీయం కాదు.

అయితే, మొండితనం ఎక్కువై, ఎన్నేళ్ళు గడిచినా అరగక, కరగక, చుట్టుపక్కలవారికి ఇబ్బందిగా తయారైనవాటిని దశలవారీగా తొలగించాలని మా సంస్థ నిర్ణయించింది. మీ ఇంటి విషయం కూడా మా దృష్టిలో ఉంది. దయచేసి సహకరించగలరు.

భవదీయుడు,
వినియోగదారుల విభాగం అధికారి

తా.క.: పాప తివాచీని చప్పరించకుండా చూడగలరు. పూత దెబ్బతింటే హామీ వర్తించదు.

---

పెద్దసారూ,

ఈసారి నమస్కారం లేదు.

మొండిదాన్నే. ఎవరు కాదన్నారు? కానీ అరగదు, కరగదు అనడానికి నేనేమైనా మీ ఇంట్లో తిన్నానా? చుట్టుపక్కలవాళ్ళకి ఇబ్బందని మీతో ఎవరన్నారు, పక్కింటావిడేనా? ఆవిడ బట్టలారేసే తీగ మా గోడకి కట్టుకుంది. ముందు దాన్ని తొలగించుకోమనండి. అయినా దశలవారీగా అంటే ఎలాగయ్యా? ముందు కాళ్ళు తీసేసి, నోరు ఆఖరికి ఉంచుతారా? తెలివి ఉంటే నోటితో మొదలుపెట్టండి. లేకపోతే మీ పని సాగనివ్వను.

నేనుంటే ఉంటాను, పోతే పోతాను. అడిగినదానికి జవాబు రాయండి. కార్పెట్టు మీద దుప్పటి పరిస్తే, పిల్ల ఆ దుప్పటి లాగి పారేసి మరీ చప్పరిస్తోంది.

ఇట్లు,
వేలిముద్ర (గట్టిగా ఒత్తాను)

తా.క.: "మొండిదన్నది మందునండీ, మిమ్మల్ని కాదు" అని ఎంత చెప్పినా అత్తయ్య వినలేదు. "ఇంటి సంగతి కంపెనీదాకా ఎలా పోయింది? నువ్వే చెప్పుంటావు" అని నిన్నటినుంచి నాతో మాటలు లేవు. ఈ ఉత్తరం కూడా గోడకేసి చూస్తూ చెప్పారు.

---

గౌరవనీయులైన పెద్దావిడ గారికి,

మొండిదన్నది మిమ్మల్ని కాదని, రసాయనాన్ని అని సవినయంగా మనవి. మీ నోటిని తొలగించే ఉద్దేశం గానీ, శక్తి గానీ మా సంస్థకు లేవు.

మీ తివాచీలో ఆ రసాయనం ఉంది. కానీ ఆందోళన వద్దు. కొత్త తివాచీల్లో దాన్ని మానేసి వేరే రసాయనం వాడుతున్నాం. రెండింటికీ పుట్టుకలో, గుణంలో, పనితీరులో పోలికలున్నా పేర్లు మాత్రం పూర్తిగా వేరు. కొత్తదాని మీద ఇంతవరకు ఎవరూ పరీక్షలు చేయలేదు కనుక చెడు ఫలితాలేవీ బయటపడలేదు.

అమ్మిన తివాచీలను వెనక్కి తీసుకునే ఏర్పాటు లేదు. అవి చిరిగినప్పుడు సహజంగానే తొలగిపోతాయి. అప్పటిదాకా మీది పూర్తిగా సురక్షితం.

భవదీయుడు,
వినియోగదారుల విభాగం అధికారి

తా.క.: జీవితాంతం మన్నుతుందని హామీ ఇచ్చాం కనుక, చిరగడానికి కొంత ఆలస్యం కావచ్చు.

---

అధికారి బాబూ,

"ఉంది" అన్న ఒక్క ముక్క కక్కడానికి ఇంత కాగితం పట్టిందా?

కొత్త మందు సంగతి అర్థమైంది. అక్కకి పేరు చెడితే చెల్లెల్ని దింపారు. ముక్కూ మొహం అవే, పిలిచే పేరొక్కటే వేరు. ఇక పరీక్షలంటావా, మా పెద్దోడు బడి ఎగ్గొట్టినన్నాళ్ళూ ఒక్క పరీక్ష కూడా తప్పలేదు నాయనా.

పూర్తిగా సురక్షితం అన్నావు. అంత మంచి వస్తువు మాబోటివాళ్ళ ఇంట్లో ఎందుకని, ఇవాళ నేనూ కోడలూ చుట్ట చుట్టి బండిలో వేయించుకుని మీ ఆఫీసుకే తెచ్చాం. నువ్వు భోజనానికెళ్ళావట. ముందుహాల్లో కుర్చీలు జరిపి నేనే పరిచాను. వాచ్‌మన్ ఒక చెయ్యి వేశాడు. ఈ ఉత్తరం ఇక్కడే, దాని మీద కూర్చుని చెబుతున్నాను. వెనక్కి తీసుకోమని అడగడం లేదు. కానుకగా ఉంచుకోండి.

ఇట్లు,
వేలిముద్ర (మీ ఆఫీసు సిరాతోనే)

తా.క.: అత్తయ్య నాతో మళ్ళీ మాట్లాడుతున్నారు. చుట్ట మోసేటప్పుడు "అటు పట్టుకోవే, మొద్దూ" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

---

ముందుహాల్లో వస్తువు వదిలివెళ్ళిన వ్యక్తికి,

ఇది సంస్థ భద్రతా విభాగం హెచ్చరిక. వేరే విభాగాలతో మీరు జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలతో మాకు సంబంధం లేదు.

మీరు పరిచిన వస్తువును పరీక్షించగా అందులో ప్రమాదకర రసాయనం ఉన్నట్టు తేలింది. సిబ్బంది ఆరోగ్యం దృష్ట్యా హాలు మూసేశాం. దాని మీద నడిచినవారిని స్నానం చేయమని ఇంటికి పంపాం. ఇలాంటి వస్తువును మనుషులు మసిలే చోట ఉంచడం మా నిబంధనలకు విరుద్ధం. చిన్నపిల్లలుండే చోట ఎట్టి పరిస్థితుల్లోనూ ఉంచరాదు. తక్షణం వచ్చి తీసుకెళ్ళవలెను.

భద్రతా విభాగం

తా.క.: ఇంతటి ప్రమాదకరమైన వస్తువును మీకు అంటగట్టిన వ్యాపారి ఎవరో తెలియజేస్తే, తగిన చర్యకు సిఫారసు చేస్తాం.

---

భద్రత బాబులకి,

మీకు వంద నమస్కారాలు. ఇంత చక్కని ఉత్తరం నా జన్మలో నాకెవరూ రాయలేదు.

పిల్లలుండే చోట ఉంచకూడదని రాశారు. మా ఇంట్లో పిల్ల ఉంది. మరి నేనెలా తీసుకెళ్తాను? మీ నిబంధన దాటేంత పొగరుదాన్ని కాదు. పిల్ల ఇప్పుడు ఒట్టి నేల మీద పాకుతోంది. చప్పరించడానికి అంచు లేదని గుక్కపట్టి ఏడుస్తోంది. ఏడవనీ. ఆ ఏడుపు వింటూ హాయిగా నిద్రపోతున్నాను.

అమ్మిందెవరని అడిగారు. ఒక్కసారి మీ హాల్లోంచి బయటికొచ్చి, తలెత్తి, గుమ్మం మీది బోర్డు చదువుకోండి. నాకైతే చదువు రాదు, మీకొచ్చు కదా!

ఇట్లు,
వేలిముద్ర, దాని కింద మా వీధిలో ఆడవాళ్ళందరి సంతకాలు

తా.క.: నేను కోడలిని. మీ ఉత్తరాన్ని అత్తయ్య వీధి కొళాయి దగ్గర నా చేత గొంతెత్తి చదివించారు. మా వీధిలో మీ కార్పెట్టు లేని ముందుగది లేదు, పిల్లల్లేని ఇల్లూ లేదు. అందరూ కార్పెట్లకి కొట్టిన మేకులు పీకుతున్నారు. పొద్దున్నే బయల్దేరుతున్నాం. గేటు రెండు రెక్కలూ బార్లా తీయించి ఉంచండి, చుట్టలు చాలా పొడవు.