కింది నుంచి చదవకు

సోమవారం, మధ్యాహ్నం
పసిపిల్లల వార్డు బయటి బెంచీ

చెల్లీ,

అక్క దీవెనలు. ఇక్కడంతా క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. మన క్షేమాలు వరసలో వస్తాయి, కాస్త ఓపిక పట్టు. కథల పుస్తకమైనా ఉత్తరమైనా చివరి ముక్క ముందు చదివే జబ్బు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఈ ఒక్కసారికి అక్క మాట విని, పైనుంచే చదువు.

బీపీ దిగేదాకా నిన్ను ఆ ఆసుపత్రిలో మంచం దిగనివ్వరు, వాడిని ఈ ఆసుపత్రి నుంచి కదలనివ్వరు. కన్నది నువ్వు, చూసేది నేను. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను.

నెలలు నిండకుండా పుట్టినా పెత్తనానికేం లోటు లేదు. ఎవరు ముట్టుకున్నా నుదురు ముడిచి మొహం తిప్పేసుకుంటాడు. నర్సమ్మ వాడికి దొరగారు అని పేరు పెట్టింది. ముక్కు అచ్చం నీదే. చెవులు మాత్రం మా మరిదివి, అదే మీ ఆయనవి, ఏం చేస్తాం.

నిన్న పొద్దున మరీ పాలిపోయి ఉన్నాడు. మధ్యమధ్య ఊపిరి తీయడం మర్చిపోతున్నాడు. ఇంత ముందుగా పుట్టినవాళ్లకి ఒంట్లో రక్తం సరిగ్గా ఊరదట, పైగా పరీక్షలకని తీయక తప్పదు. రక్తం ఎక్కించాలంది డాక్టరమ్మ. పెద్ద సంచీ తెస్తారనుకున్నాను, చిన్న సిరంజిలో తెచ్చారు. అది నెమ్మదిగా లోపలికి వెళ్తుంటే సాయంత్రానికి వాడి అరికాళ్లు గులాబీ రంగుకి తిరిగాయి. నేను అద్దం ఇవతల నిలబడి ఏడ్చాను, సంతోషంతోనే.

రక్తం ఎక్కేటప్పుడు పాలెందుకు ఆపారు, నా పాలు వాడికి పడలేదా అని నువ్వు బెంగపడుతున్నావని మరిది చెప్పాడు. కాదే పిచ్చిదానా. ఆ కాసేపు పేగుకి పని పెట్టకూడదని ఇక్కడ ఆపుతారట. తర్వాత, మరిది ఐసు డబ్బాలో తెచ్చిన నీ పాలే గొట్టంలోంచి చుక్కచుక్కగా పోశారు. దొరగారు పెదాలు చప్పరించారు. కళ్లారా చూశాను.

పేగు వాచిందేమో తెలియడానికి నర్సమ్మ పూటపూటా టేపుతో వాడి పొట్ట కొలుస్తుంది. బట్టలు కుట్టి బతికేదాన్ని, టేపు చూస్తే నా చెయ్యి ఊరుకుంటుందా. నిన్నటి కొలత అడిగి తీసుకుని, నీ పాత నైటీ మెత్తగా ఉంటే అది కత్తిరించి, ముందు ముడులేసే చొక్కా కుట్టాను. నా అరచేతిలో పట్టేంత ఉంది.

ఉంటాను. నీకు ధైర్యం చెప్పేంత ధైర్యం నా దగ్గర లేదు.

నీ అక్క

తా.క. పైన రాసిందంతా నిజమే. నిన్నటి నిజం. ఈ పొద్దున వాడి పొట్ట ఉబ్బి నిగనిగలాడింది. పేగు చిల్లిపడిందన్నారు. ఆపరేషన్‌కి తీసుకెళ్లేలోపే వెళ్లిపోయాడు చెల్లీ. నా చెయ్యి వాడి తల మీదే ఉంది. డాక్టరమ్మని మళ్లీ మళ్లీ అడిగాను. తల్లి వల్ల జరిగింది కాదంది, అంత లేత పేగులకి ఒక్కోసారి ఇలా అవుతుందంది. ఆ మాట నమ్ము.

చొక్కా తొడిగాను. నిన్నటి కొలత కదా, పొట్ట మీద ముడులు అందలేదు. అలాగే వదిలేశాను.

మీ డాక్టరుకి చెప్పాకే ఈ ఉత్తరం పంపుతున్నాను. సాయంత్రం వాడిని నీ ఒళ్లోకి తెస్తాను, ఆయన ఒప్పుకున్నాడు. మరిది నీ గది తలుపు బయటే నిలబడి ఉంటాడు, లోపలికి పిలువు. ఒక్కడే ఏడవలేడు.

నా మాట వినకుండా ముందు ఇదే చదివి ఉంటే, పైకి వెళ్లు. అక్కడ వాడు పెదాలు చప్పరిస్తున్నాడు.